బఫర్ పొంగుతోంది, రోబో బిగుసుకుపోతోంది: పెట్రి నెట్‌కి సూపర్‌వైజర్ కట్టేటప్పుడు చూడాల్సింది ఎక్కడ?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఎంటెక్ ప్రాజెక్ట్‌కి చిన్న మాన్యుఫాక్చరింగ్ సెల్ తీసుకున్నారు. ఒక లైన్‌లో రెండు మెషిన్లు, వాటి మధ్య రెండు పార్టులు మాత్రమే పట్టే బఫర్. పక్క లైన్‌లో ఒక రోబో, ఒక మిల్లింగ్ మెషిన్, ఈ రెంటినీ రెండు రకాల పార్టులు పంచుకుంటాయి. పెట్రి నెట్ (స్థితులని ప్లేస్‌లుగా, జరిగే పనులని ట్రాన్సిషన్లుగా గీసి, ఆర్కులనే బాణాలతో కలిపి, వాటి మీదుగా టోకెన్లు కదిలించే బొమ్మ) గీశారు, రీచబిలిటీ గ్రాఫ్ (చేరగల స్థితులన్నిటి పటం) వేయమంటే టూల్ ఎంతకీ తెమలకుండా చివరికి చేతులెత్తేసింది. బఫర్ కోసం కంట్రోల్ ప్లేస్ (అదుపు కోసం అదనంగా చేర్చే ప్లేస్) పెడితే నెట్‌లో బాగానే ఉంది కానీ, పీఎల్‌సీ (మెషిన్లని నడిపే పారిశ్రామిక కంప్యూటర్) సిమ్యులేటర్‌లో ఎక్కించగానే బఫర్‌లోకి మూడో పార్టు వచ్చి పడింది. పక్క లైన్ అయితే అప్పుడప్పుడూ ఉన్నట్టుండి ఆగిపోతోంది. గైడ్ గారు ఇదంతా వదిలేసి ఆటోమేటాకి (ఉండగల ఒక్కో స్థితినీ విడిగా రాసుకునే మోడల్‌కి) మారమంటున్నారు, మారాలా వద్దా, ఏ టూల్ వాడాలి?

మారక్కర్లేదు. మీకున్నవి మూడు వేర్వేరు జబ్బులు, మూడింటికీ ఒకటే మందు వెతుకుతున్నారు, అదే చిక్కు. గ్రాఫ్ ఆగకపోవడానికి కారణం ఒకటి, బఫర్ పొంగడానికి ఇంకొకటి, రోబో బిగుసుకుపోవడానికి మరొకటి. అసలు రీచబిలిటీ గ్రాఫ్‌తో మొదలుపెట్టడమే నాకు నచ్చని పని. ఏది జరగకూడదో ముందు ఒక అసమీకరణంగా రాసుకోండి, దాన్నుంచి పుట్టిన ఆర్కులు ఏ ట్రాన్సిషన్ మీద పడ్డాయో చూడండి. సగం రోగాలు అక్కడే దొరికిపోతాయి.

కొంచెం నేపథ్యం, త్వరగా. కార్ల్ ఆడం పెట్రి 1962లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో సమర్పించిన డాక్టరేట్ థీసిస్‌తో ఈ నెట్‌ల కథ మొదలైంది. అందులో అసలు విషయం కంట్రోల్ కాదు, ఆయన గోల అంతా ఆటోమేటాలు ఒకదానితో ఒకటి ఎలా సంభాషించుకుంటాయన్నదే. కంట్రోల్ వైపు నుంచి వచ్చింది టొరంటోలో రామాడ్జ్, వోన్‌హమ్ ఇద్దరూ 1980లలో కట్టిన సిద్ధాంతం. వాళ్లు చెప్పినదాంట్లో మీకు ఇప్పుడు కావాల్సింది ఒక్కటే: ఈవెంట్‌లు రెండు రకాలు. కొన్నింటిని మనం ఆపగలం, మెషిన్ స్టార్ట్ చేయడం లాంటివి. కొన్నింటిని ఆపలేం, పని పూర్తవడం, మెషిన్ పాడవడం లాంటివి. సూపర్‌వైజర్, అంటే సిస్టమ్‌ని అదుపులో పెట్టే కంట్రోలర్, చేతిలో ఉన్నది ఆపడం మాత్రమే, అదీ ఆపగలిగినవాటిని మాత్రమే. ఏదీ బలవంతంగా జరిపించలేదు.

ఇప్పుడు మీ మొదటి లైన్. పేర్లు ఇలా పెట్టుకుందాం: మొదటి మెషిన్ ఖాళీగా ఉంటే పి1లో టోకెన్, పని చేస్తుంటే పి2లో. బఫర్ పి3. రెండో మెషిన్ ఖాళీ పి4, పనిలో ఉంటే పి5. మొదటి మెషిన్ స్టార్ట్ అవడం టి1, పూర్తి చేసి పార్టుని బఫర్‌లో పడేయడం టి2, రెండో మెషిన్ బఫర్‌లోంచి పార్టు తీసుకుని మొదలవడం టి3, పూర్తవడం టి4. టి1, టి3 మన చేతిలో ఉన్నాయి. టి2, టి4 మన చేతిలో లేవు.

ఈ నెట్‌కి ఏ కంట్రోలూ పెట్టకుండా రీచబిలిటీ గ్రాఫ్ వేయమంటే టూల్ ఎప్పటికీ ఆగదు. ఎందుకంటే రెండో మెషిన్‌ని పట్టించుకోకుండా మొదటిది పార్టులు చేసుకుంటూ పోవచ్చు, పి3లో టోకెన్లకి హద్దు లేదు, కాబట్టి స్టేట్‌లు అనంతం. మీరు దీన్ని స్టేట్ ఎక్స్‌ప్లోజన్ (స్టేట్‌లకి హద్దు ఉన్నా లెక్కపెట్టలేనన్ని అవడం) అనుకుని ఉంటారు, కాదు, అన్‌బౌండెడ్ నెట్. రెండూ వేరు. ఇలాంటప్పుడు వేయాల్సింది కార్ప్, మిల్లర్ 1969లో ఇచ్చిన కవరబిలిటీ ట్రీ, అందులో పి3 దగ్గర ఒమేగా గుర్తు కనిపిస్తుంది, అంటే ఇక్కడ టోకెన్లు ఎంతైనా పెరగొచ్చని. ఒమేగా ఎక్కడ వచ్చిందో అక్కడ మీ స్పెసిఫికేషన్ ఇంకా చేరలేదని లెక్క.

మీ స్పెసిఫికేషన్: పి3 ≤ 2. ప్లేస్ ఇన్వేరియంట్ (కొన్ని ప్లేస్‌లలోని టోకెన్ల మొత్తం ఎప్పుడూ మారకుండా ఉంచే) పద్ధతిలో కంట్రోల్ ప్లేస్ కట్టడం చాలా తేలిక. ఇన్సిడెన్స్ మ్యాట్రిక్స్‌లో (ఒక్కో ట్రాన్సిషన్ ఒక్కో ప్లేస్‌లో ఎన్ని టోకెన్లు పెంచుతుందో, తగ్గిస్తుందో చెప్పే పట్టికలో) పి3 వరుస తీసుకోండి, టి1 నుంచి టి4 దాకా 0, +1, −1, 0. గుర్తులు తిప్పేయండి: 0, −1, +1, 0. ఇదే కంట్రోల్ ప్లేస్ వరుస. మొదట్లో అందులో ఉండాల్సిన టోకెన్లు: హద్దు 2, అందులోంచి పి3లో ఇప్పుడున్న 0 తీసేస్తే 2. అయిపోయింది. దీనివల్ల పి3, కంట్రోల్ ప్లేస్ కలిపి ఎప్పుడూ 2 టోకెన్లే ఉంటాయి, కాబట్టి పి3 రెండు దాటదు. యమలిడౌ, మూడీ, లెమన్, యాంట్సాక్లిస్ 1996లో రాసిన పేపర్‌లో ఉన్నది ఇదే, మీరు చేసిందీ ఇదే అనుకుంటున్నాను.

లెక్క తప్పులేదు. కానీ ఆ −1 ఎక్కడ పడిందో చూడండి. టి2 కింద. అంటే మీ సూపర్‌వైజర్ మొదటి మెషిన్‌తో ఏమంటోందంటే, పార్టు కోత పూర్తవబోతోంది కదా, బఫర్ నిండింది, పూర్తి చేయకు అంటోంది. నెట్ సిమ్యులేటర్ బుద్ధిగా వింటుంది, దానికి టి2 కూడా అన్నిటిలాంటి ట్రాన్సిషనే. పీఎల్‌సీ సిమ్యులేటర్‌లో ఉన్న మెషిన్ మోడల్ వినదు, టైమర్ అయిపోగానే పార్టు బయటికొచ్చేస్తుంది, బఫర్‌లో మూడోది పడుతుంది. కంట్రోల్ ప్లేస్ నుంచి ఆర్క్ ఆపలేని ట్రాన్సిషన్‌కి వెళ్లిందంటే ఆ సూపర్‌వైజర్ కాగితం మీదే పని చేస్తుంది.

ఏం చేయాలి? ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. టి2ని ఆపలేం కాబట్టి పి2లో టోకెన్ ఉందంటే అది ఎప్పుడో ఒకప్పుడు పి3లోకి వచ్చి తీరుతుంది, దాన్ని ఇప్పుడే బఫర్‌లో ఉన్నట్టు లెక్కేసుకోవాలి. కొత్త అసమీకరణం: పి2 + పి3 ≤ 2. పి2 వరుస +1, −1, 0, 0. రెండూ కలిపితే +1, 0, −1, 0. గుర్తులు తిప్పితే −1, 0, +1, 0. ఇప్పుడు −1 టి1 కింద పడింది, అది మన చేతిలో ఉన్న స్టార్ట్. టి2 కింద సున్నా. మొదటి మార్కింగ్ (ఏ ప్లేస్‌లో ఎన్ని టోకెన్లన్న లెక్క) అదే 2. మొత్తం స్టేట్‌లు 10, కావాలంటే చేత్తో గీసి చూడండి, అరగంట పని. పి3 ≤ 2 ఒక్కటే పెడితే 12 వస్తాయి, మిగిలిన ఆ రెండూ బఫర్ నిండుగా ఉండి మొదటి మెషిన్ కూడా పనిలో ఉన్నవి, అంటే మెడ మీద కత్తి వేలాడుతున్న స్టేట్‌లు. వాటిని తప్ప ఇంకేదీ పోగొట్టుకోలేదు కాబట్టి ఇక్కడ ఇది మ్యాగ్జిమల్లీ పర్మిసివ్ (తప్పనిసరైనవి తప్ప ఏదీ ఆపనిది) కూడా.

ఈ వెనక్కి వెళ్లే పనిని మూడీ, యాంట్సాక్లిస్ ఒక పద్ధతిగా రాశారు, వరుసలు కలుపుకుంటూ ఆపలేని ట్రాన్సిషన్ల కింద ఉన్న మైనస్‌లన్నీ పోయేదాకా చేయడమే. ఆర్క్ వెళ్లే ట్రాన్సిషన్‌ని గమనించగలగాలన్న షరతు కూడా ఉంది. సెన్సార్ లేని ఈవెంట్ దగ్గర కంట్రోల్ ప్లేస్ టోకెన్ మారిందంటే ఆ మారడం ఎవరికీ తెలియదు కదా, కాబట్టి సెన్సార్ లేనిచోట ప్లస్సూ ఉండకూడదు, మైనస్సూ ఉండకూడదు.

మెషిన్ పాడవడం కూడా మోడల్‌లో ఉంటే (ఉండాలి, లేకపోతే వైవాలో అడుగుతారు) కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోండి. పాడైన మెషిన్‌కి పి6 అని ప్లేస్ పెట్టారనుకుందాం, పి2 నుంచి పి6కి. రిపేర్ అయ్యాక అదే పార్టు మీద పని కొనసాగితే, టోకెన్ పి6 నుంచి మళ్లీ పి2కే వస్తుంది, కాబట్టి అసమీకరణంలో పి6 కూడా చేరాలి: పి2 + పి3 + పి6 ≤ 2. చేర్చకపోతే మెషిన్ పాడవగానే కంట్రోల్ ప్లేస్‌కి టోకెన్ తిరిగొచ్చేస్తుంది, పాడైన మొదటి మెషిన్ ఆ టోకెన్‌తో ఏం చేయలేదు గానీ, రిపేర్ ట్రాన్సిషన్ మీద −1 పడుతుంది, రిపేర్ మీ చేతిలో లేకపోతే మళ్లీ మొదటికొస్తారు. అదే పార్టుని స్క్రాప్‌లో పడేసి మెషిన్ ఖాళీ స్థితికి, అంటే పి1కి వెళ్తే పి6 అక్కర్లేదు. ఫ్యాక్టరీలో నిజంగా ఏం చేస్తారో అడిగి తెలుసుకోవాల్సింది ఇక్కడే, ఫార్ములా ఇది చెప్పదు.

ఈ పద్ధతి ఎక్కడ కుంటుపడుతుందో కూడా చెప్పాలి. ఆపలేని ట్రాన్సిషన్ ఒక అసెంబ్లీ అనుకోండి, ఎడమ నుంచి ఒక పార్టు, కుడి నుంచి ఒక పార్టు వస్తేనే జరుగుతుంది, జరిగాక బఫర్‌లో ఒకటి పడుతుంది. అప్పుడు రాబోయే ప్రమాదం ఎడమ, కుడి రెండింట్లో ఏది తక్కువో అంత. అంటే అనుమతించదగిన మార్కింగ్‌లు ‘ఇటు తక్కువగా ఉండాలి లేదా అటు తక్కువగా ఉండాలి’ అన్న రూపంలో వస్తాయి. ఆ ‘లేదా’ని ఒక్క సరళ అసమీకరణంలో ఇరికించలేం. ఎడమవైపు మాత్రమే లెక్కేసి కట్టొచ్చు, క్షేమమే, కానీ అవసరం లేనిచోట కూడా ఆపుతుంది. మీ సెల్‌లో ఇలాంటిది లేదు కాబట్టి భయం లేదు, రిపోర్ట్‌లో మాత్రం ‘ఈ పద్ధతి ఎప్పుడూ మ్యాగ్జిమల్లీ పర్మిసివ్’ అని రాసేయకండి.

ఇక రోబో సంగతి. పార్టుల్లో ‘ఏ’ రకం ముందు రోబోని పట్టుకుని తర్వాత మిల్లింగ్ మెషిన్ అడుగుతుంది, ‘బి’ రకం ముందు మిల్లింగ్ మెషిన్, తర్వాత రోబో. ఒకరి చేతిలో రోలు, ఇంకొకరి చేతిలో రోకలి, ఇద్దరూ ఎదుటివాళ్లది వస్తేగానీ ఇవ్వరు. ప్లేస్‌లు: ఏ1 అంటే ‘ఏ’ పార్టు రోబో దగ్గర, ఏ2 అంటే మెషిన్ మీద. బి1 అంటే బి పార్టు మెషిన్ మీద, బి2 అంటే రోబో దగ్గర. రోబో ఖాళీ ‘ఆర్’, మెషిన్ ఖాళీ ‘ఎం’. ఏ1 నుంచి ఏ2కి వెళ్లేటప్పుడు ఎం పట్టుకుని ఆర్ వదులుతుంది. బి1 నుంచి బి2కి వెళ్లేటప్పుడు ఆర్ పట్టుకుని ఎం వదులుతుంది. పార్టులు రెండు రకాలూ సరిపడా ఉన్నాయనుకుంటే చేరగల స్థితులు 8, అందులో ఏ1, బి1 రెండింట్లోనూ టోకెన్ ఉన్నది ఒక్కటే డెడ్‌లాక్ (ఎవరూ ముందుకు కదల్లేని స్థితి).

ఎనిమిదే కాబట్టి గ్రాఫ్ చూసి చెప్పేయొచ్చు. పెద్ద నెట్‌లో చూడలేరు, అందుకే సైఫన్‌లు నేర్చుకోవాలి. సైఫన్ అంటే కొన్ని ప్లేస్‌ల గుంపు, అందులోకి టోకెన్ వేసే ప్రతి ట్రాన్సిషనూ అందులోంచే ఒక టోకెన్ తీసుకుంటుంది. కాబట్టి ఒకసారి ఖాళీ అయిందా, ఇంక ఎప్పటికీ ఖాళీనే. మీ నెట్‌లో ఆర్, ఎం, ఏ2, బి2 కలిపితే సైఫన్. ఏ2లోకి టోకెన్ రావాలంటే ఎం కావాలి, బి2లోకి రావాలంటే ఆర్ కావాలి, ఆర్, ఎం తిరిగి రావాలంటే ఈ నాలుగింట్లోనే ఏదో ఒకటి కదలాలి. డెడ్‌లాక్‌లో ఈ నాలుగూ సున్నా.

కాబట్టి మన షరతు: ఆర్ + ఎం + ఏ2 + బి2 ≥ 1. రోబో ఒకటే కాబట్టి ఆర్ + ఏ1 + బి2 = 1, మెషిన్ ఒకటే కాబట్టి ఎం + ఏ2 + బి1 = 1. రెండూ కూడి పై దాంట్లో పెడితే ఏ1 + బి1 ≤ 1 మిగులుతుంది. పైన బఫర్‌కి వాడిన సూత్రమే మళ్లీ: కంట్రోల్ ప్లేస్‌లో ఒక టోకెన్, ‘ఏ’ పార్టు లోపలికి వచ్చేటప్పుడు తీసుకుంటుంది, బి పార్టు లోపలికి వచ్చేటప్పుడూ తీసుకుంటుంది, రెండో దశకి వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లు వెనక్కిచ్చేస్తారు. లోపలికి రానివ్వడం మన చేతిలో ఉన్నదే కాబట్టి ఆర్కులకి ఇబ్బంది లేదు. 8లో 7 మిగులుతాయి, ఏడింట్లో ఏదీ ఇరుక్కోదు. ఏ1, ఏ2 రెండూ ఒకేసారి నిండి ఉండే స్థితి కూడా బతికే ఉంది చూడండి. ‘సెల్‌లో ఒకసారికి ఒకే పార్టు’ అని లాక్ పెట్టేస్తే అది పోయేది, చాలామంది అదే పెట్టి డెడ్‌లాక్ పోయిందని సంబరపడతారు, పోయింది నిజమే, దానితోపాటు సగం ఉత్పత్తీ పోయింది.

ఈ సైఫన్ దారిని 1995లో స్పెయిన్‌లో ఎస్పెలెటా, కొలోమ్, మార్టినెజ్ గట్టిగా పరిచారు. దానికంటే ముందే, 1990లో, బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి విశ్వనాథం, నరహరి, జాన్సన్‌తో కలిసి ఇదే సమస్య మీద పెట్రి నెట్‌లతో రాసిన పేపర్ ఉంది, అందులో ముందే డెడ్‌లాక్ రాకుండా కట్టేయడం ఒకవైపు, నడుస్తుండగా కొన్ని అడుగులు ముందుకు చూసి తప్పించుకోవడం ఇంకోవైపు. లిటరేచర్ సర్వేలో అది లేకపోతే మన దగ్గర జరిగిన పనిని మనమే వదిలేసినట్టు.

పెద్ద నెట్‌లో రెండు తలనొప్పులు వస్తాయి, ముందే తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. ఒకటి, సైఫన్‌ల సంఖ్య నెట్ సైజుతో ఘాతాంకంగా పెరుగుతుంది. లీ, జౌ 2004లో తెచ్చిన ఎలిమెంటరీ సైఫన్‌లు ఇందుకే, వాటి సంఖ్య ప్లేస్‌ల సంఖ్యని దాటదు, సరైన షరతులతో వాటిని కాపాడితే మిగతావీ నిలబడతాయి. రెండోది ఇంకా చికాకు: మీరు పెట్టిన కంట్రోల్ ప్లేస్ కూడా ఒక వనరే, దానికోసం పార్టులు ఎదురుచూస్తాయి, కాబట్టి అదే కొత్త సైఫన్‌లో భాగమై కొత్త డెడ్‌లాక్ పుట్టించగలదు. కంట్రోల్ ప్లేస్‌లు పెట్టాక మళ్లీ మొదటి నుంచి పరీక్ష చేయాలి. మీ రెండు లైన్‌లనీ ఏదో ఒక పార్టు కలుపుతుంటే ఇది తప్పకుండా చూడండి.

ఆటోమేటా గురించి గైడ్ గారు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. రామాడ్జ్–వోన్‌హమ్ పద్ధతిలో నాన్‌బ్లాకింగ్ (పని పూర్తయ్యే దారి ఎప్పుడూ మిగిలి ఉండే) అయిన, మ్యాగ్జిమల్లీ పర్మిసివ్ అయిన సూపర్‌వైజర్ ఫైనైట్ ఆటోమేటన్‌కి ఎప్పుడూ లెక్కించి తీయొచ్చు. పెట్రి నెట్ భాషలకి (నెట్‌లో జరగగల ఈవెంట్ వరుసల సమితులకి) ఆ హామీ లేదు. సుప్రీమల్ కంట్రోలబుల్ భాష (అదుపు చేయగలిగినవాటిలో అన్నిటికంటే పెద్దది) పెట్రి నెట్ భాషగా ఉండకపోవచ్చని జువా, డిచెసారే 1990లలోనే చూపించారు. కానీ మీ బఫర్ లైన్ లాంటివి పక్కపక్కన ఆరు ఉంటే ఆటోమేటన్‌లో 10 లక్షల స్టేట్‌లు, నెట్‌లో ఆరు కంట్రోల్ ప్లేస్‌లు. ఏది పీఎల్‌సీలో రాసుకుంటారో మీరే చెప్పండి. అన్నట్టు, ఒక మార్కింగ్ చేరగలమా లేదా అన్న ప్రశ్నకి జవాబు కనుక్కోవడం సాధ్యమేనని తేల్చినవాళ్లు 1981లో మేయర్, 1982లో కొసరాజు (ఇంటిపేరు చూసే ఉంటారు, గ్రాఫ్ అల్గారిథమ్‌ల క్లాసులో విన్న కొసరాజే). సాధ్యమే గానీ ఎంత కష్టమో అన్నది 2021లో తేలింది: ఊహకందని వేగంతో పెరిగే అకర్‌మన్ ఫంక్షన్ అంత. అందుకే ఇన్వేరియంట్లు, సైఫన్‌ల లాంటి నిర్మాణం చూసి చెప్పే పద్ధతులకి అంత విలువ.

ఇక పీఎల్‌సీ. కంట్రోల్ ప్లేస్ అంటే అక్కడ ఒక ఇంటీజర్ కౌంటర్, అంతే. పీఎల్‌సీ స్కాన్ చేస్తుంది (ప్రోగ్రామ్‌ని పై నుంచి కిందికి మళ్లీ మళ్లీ నడుపుతుంది), నెట్ ఈవెంట్‌లతో నడుస్తుంది, తేడా అక్కడ. ఒక రంగ్‌లో (ప్రోగ్రామ్‌లోని ఒక మెట్టులో) పడిన టోకెన్ కింది రంగ్‌లో వెంటనే కనబడితే ఒకే స్కాన్‌లో రెండు మూడు ట్రాన్సిషన్లు గొలుసులా జరిగిపోతాయి. సరే, పాత మార్కింగ్ కాపీ పెట్టుకుని చివర్లో రాద్దామంటే, ఏ, బి రెండూ ఒకే స్కాన్‌లో కంట్రోల్ ప్లేస్‌లో ఒక టోకెన్ చూసి రెండూ లోపలికి వచ్చేస్తాయి, కౌంటర్ −1కి పోతుంది. పక్క లైన్‌లోనూ ఇప్పటికే కంట్రోల్ ప్లేస్ పెట్టి ఉంటే, అది ‘అప్పుడప్పుడూ’ ఆగడానికి ఇదీ కారణం కావచ్చు, ఒకసారి కౌంటర్ విలువ ట్రేస్ చేయండి. నేను చేసేదేంటంటే, టోకెన్ తీసేది అక్కడికక్కడే తీసేస్తాను, వేసేది మాత్రం స్కాన్ చివర్లో వేస్తాను. సెన్సార్‌లన్నీ రైజింగ్ ఎడ్జ్ (సిగ్నల్ 0 నుంచి 1కి మారే క్షణం) మీదే, లేకపోతే ఒక పార్టు సెన్సార్ ముందు ఆగి ఉన్నంతసేపూ లెక్క పెరుగుతూనే ఉంటుంది. టి3 దగ్గర ప్లస్ ఒకటి రెండో మెషిన్‌కి కమాండ్ ఇచ్చినప్పుడు కాదు, పార్టు బఫర్‌లోంచి నిజంగా వెళ్లిందని సెన్సార్ చెప్పినప్పుడు.

టూల్ అడిగారు: ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో లాస్ (LAAS) అనే పరిశోధనశాల వాళ్ల టీనా (TINA) ఇన్వేరియంట్లకీ, కవరబిలిటీకీ చాలు, ఉచితంగా దొరుకుతుంది. సైఫన్‌లకి పైప్ (PIPE) అనే టూల్ వాడండి. గైడ్ గారిని ఒప్పించాలంటే కంట్రోల్ పెట్టాక వచ్చిన ఆ 10 స్టేట్‌ల గ్రాఫ్‌నే సుప్రీమికా అనే ఆటోమేటా టూల్‌లో ఆటోమేటన్‌తో కట్టిన సూపర్‌వైజర్ పక్కన పెట్టి చూపించండి. రెండూ ఒకటే వస్తాయి. మీ నెట్ ఫైల్, పీఎల్‌సీ కోడ్‌లో కౌంటర్ రాసిన భాగం ఇక్కడ పెడితే స్కాన్ సంగతి నేనూ చూస్తాను.